మానని గంటు

పడవ ఎక్కితే కడుపులో దేవేసే జాలరి ఎక్కడైనా ఉంటాడా అంటే, ఉన్నాడు. పేరు పైడిరాజు. తాత ముత్తాతలంతా సముద్రం మీద బతికినవాళ్ళే. ఇతనొక్కడికి మాత్రం అల చూస్తే కళ్ళు తిరిగేవి. పేటలో అందరూ ఏడిపించి ఏడిపించి విసిగిపోయాక, విశాఖపట్నం శివార్లలో కొండ మీదున్న ఒక పరిశోధనాలయంలో ఎలుకల పోషణకు కుదిరాడు. అప్పటికీ ఇప్పటికీ ఇరవై రెండేళ్ళు. పన్నెండు వందల తెల్లటి చిట్టెలుకలకు మేత, నీళ్ళు, రంపపుపొట్టు పరుపు, పురుళ్ళు, చావులు, అన్నీ అతని చేతి మీదుగానే.

అన్నిటికన్నా పెద్ద పని చెవిగంటు. ఎలుకలన్నీ ఒకే అచ్చు కదా, ఏది ఏదో తెలియాలంటే చెవి అంచున చిన్న కత్తెరతో గంటు పెట్టాలి. కుడి చెవి పైన ఉంటే ఒకటి, కింద ఉంటే రెండు, ఎడమ చెవి మీద పదులు. ఆ లెక్క పైడిరాజుకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. చిక్కల్లా ఏమిటంటే, గంటు మానిపోతుంది. ఆరేడు వారాలు తిరిగేసరికి అంచులు దగ్గరికొచ్చి పూడుకుపోతుంది. పన్నెండో నంబరు కాస్తా రెండో నంబరై కూర్చుంటుంది. మళ్ళీ పట్టుకోవాలి, మళ్ళీ కత్తిరించాలి, అది కీచుమంటూ వేలు కొరుకుతుంది. అతని దగ్గరున్న చెవుల పుస్తకంలో చివరి గడి పేరే 'మళ్ళీ గంటు'. ఆ గడి నింపీ నింపీ అతని ప్రాణం విసిగిపోయేది.

"మానిపోడం అంత సెడ్డ బుద్ధి ఈటికి ఇంకోటి నేదు" అని గొణుక్కునేవాడు.

ఆ పుస్తకాన్ని అతను తప్ప ఎవరూ తెరిచేవారు కాదు. శాస్త్రవేత్తలకు కావలసినవి బరువులు, రక్తాలు, పరుగుల లెక్కలు. చెవులతో వాళ్ళకేం పని?

అక్కడి పెద్దల్లో పైడిరాజుకు అభిమానమున్న మనిషి డాక్టర్ వకుళ. అతన్ని 'గారూ' అని పిలిచేది ఆవిడొక్కతే. ఒక మధ్యాహ్నం ఆవిడ అతన్ని పై అంతస్తుకు తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని తెర ముందు కూర్చోబెట్టింది. తెర నిండా బతికున్న కండ కణం. దానిలో వందలకొద్దీ ఏవో కదులుతున్నాయి.

"ఇవే మైటోకాండ్రియా. కణానికి శక్తి వండిపెట్టే పొయ్యిలనుకోండి, పైడిరాజుగారూ."

అతను ముక్కు తెరకు ఆనించినంత పని చేశాడు. "అన్నీ ఒక్కలాగ నేవమ్మా! కొన్ని వానపాముల్లాగున్నాయి, కొన్ని సెనగ్గింజల్లాగ. అల్లదిగో, రెండు కలిసి ఒకటైపోనాయి. ఇదేమో తెగి రెండైపోనాది!"

"నేను పదేళ్ళుగా చూస్తున్నది మీరు ఒక్క నిమిషంలో చూసేశారు" అని వకుళ నవ్వింది. తర్వాత ఒక్కొక్కటే పెద్దది చేసి చూపించింది. కొన్నిటి లోపల చీర కుచ్చిళ్ళలా మడతలు. వంటంతా ఆ మడతల మీదేనట. అవి పచ్చగా వెలుగుతున్నాయి. కొన్నిటికి మడతలే లేవు, బోసి సంచులు. అవి మూలల్లో మసక ఎరుపుగా ఊరికే పడి ఉన్నాయి.

"మరి ఈ బోసివి ఏటి సేస్తాయమ్మా?"

"ఏమీ చేయవు. తిని కూర్చుంటాయి."

ఆ మాట ఆవిడ ఎంతో తేలిగ్గా అంది.

ఆవిడ కనిపెట్టిన మందుకు జల్లెడ అని పేరు. సూదితో ఒంట్లోకి వెళ్ళి ఆ బోసి సంచులకు గుర్తు పెడుతుంది. గుర్తు పడ్డవాటిని కణం తనే తినేస్తుంది. మిగిలేవన్నీ మండే పొయ్యిలే. మందు వేసిన నూట నలభై ఎలుకలను పైడిరాజు 'గ' వరస అని వేరే గదిలో పెట్టాడు. నెల తిరక్కుండానే ఆ గదిలో తిరుగుడు చక్రాల చప్పుడు ఆగడం మానేసింది. రేపో మాపో పోతాయనుకున్న ముసలి ఎలుకలు కూడా చక్రమెక్కి దౌడు తీశాయి.

పైడిరాజును మురిపించింది మాత్రం వేరే సంగతి. 'గ' వరసలో ఒక్కదానికీ గంటు పూడుకోలేదు. పెట్టిన గంటు పెట్టినట్టే ఉంది. నెలల తరబడి 'మళ్ళీ గంటు' గడి పేజీలకు పేజీలు ఖాళీ.

"మీ ఎలకలు బంగారాలమ్మా, ఒక్క సెవి కూడా మళ్ళీ ముట్టుకోనక్కర్నేదు" అని ఒకరోజు వకుళతో అన్నాడు.

"అయితే మీకు పని తగ్గించానన్నమాట!" అంది ఆవిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తలుచుకుని పైడిరాజు తర్వాత ఎన్నిసార్లు తల బాదుకున్నాడో లెక్క లేదు.

అతనికి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఇరవై రెండేళ్ళు. పద్నాలుగో ఏట నుంచి ఆ పిల్ల కండలు సడలిపోతూ వచ్చాయి. ముందు మెట్లెక్కలేకపోయింది, తర్వాత జడ వేసుకోలేకపోయింది, ఆఖరికి కంటి రెప్పలు కూడా బరువై సగానికి వాలిపోయాయి. ఎవరితో మాట్లాడాలన్నా తల వెనక్కి వాల్చి రెప్పల కిందినుంచి చూసేది. ఇది మైటోకాండ్రియా జబ్బని తేల్చింది వకుళే. మనుషుల మీద జల్లెడ పరీక్షకు అనుమతులు వచ్చిన రోజున పైడిరాజు ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. మొదటి నలుగురిలో మొదటి పేరు నూకరత్నానిది.

సూది పడ్డ మూడో వారంలో ఆ పిల్ల రెప్పలు పైకి లేచాయి. తల్లి సన్యాసమ్మ ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తూ, ఎదురుగా నిలబడిన కూతురి నల్లటి కళ్ళు ఎనిమిదేళ్ళ తర్వాత పూర్తిగా చూసి, చేతిలో దారపుకండె వదిలేసింది. అయిదో వారంలో నూకరత్నం తన జడ తనే వేసుకుంది. ఏడో వారంలో ఒడ్డున పెద్ద వల లాగుతుంటే వెళ్ళి ఆడవాళ్ళ వరసలో తాడు పట్టుకుంది. పట్టుకుని ఊరుకోలేదు, లాగింది. ఇసకలో మడమలు దిగేలా తన్నిపెట్టి, జట్టంతటికీ వినపడేలా పదం అందుకుని లాగింది. పైడిరాజు గట్టు మీద కూర్చుని చూశాడు. ఆ రోజు అలలు చూసినా అతనికి కళ్ళు తిరగలేదు.

పిల్ల లేచి తిరిగితే చెవి పైభాగం కుట్టించి తన అత్తగారి బంగారు బావిలీలు పెడతానని సన్యాసమ్మ పైడితల్లమ్మకు మొక్కుకుని ఉంది. మొక్కు తీర్చడానికి ఆలస్యం చేయలేదు. కంసాలి వచ్చి రెండు చెవులకూ పైన కన్నం కుట్టి, బంగారు తీగ చుట్టి వెళ్ళాడు. మానగానే బావిలీలు పెట్టుకోవచ్చన్నాడు.

రెండు వారాలు గడిచాయి. ఆదివారం పొద్దున నూకరత్నం గడప మీద కూర్చుని తల దువ్వుకుంటుంటే పైడిరాజు టీ గ్లాసుతో వెనక నుంచి వచ్చాడు. ఎండ చెవి మీద పడుతోంది. తీగ కన్నంలోంచి కిందికి జారి వేలాడుతోంది. కన్నం కంసాలి సూదంత లేదు, శనగగింజ పట్టేంత ఉంది. చీము లేదు, వాపు లేదు. అంచులు ఎర్రగా, తడిగా, తేటగా, కత్తెరతో అప్పుడే కత్తిరించినట్టున్నాయి.

గ్లాసు చేతిలోంచి జారి మెట్టు మీద పగిలింది.

ఆ చెవి అతనికి తెలుసు. ఏడు నెలలుగా రోజూ నూట నలభైసార్లు చూస్తున్న చెవి అది.

"ఏటైనాది నాన్నా?"

"నీ మోకాలు సూపించు."

"ఎందుకూ?"

"సూపించమంటన్నాను కదా!"

అంత గట్టిగా తండ్రి అరవడం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. లంగా పైకి లాగింది. మోకాలికి గుడ్డ చుట్టి ఉంది. పైడిరాజు దాన్ని విప్పాడు. ఆరేళ్ళప్పుడు పడవ అంచు తగిలి చీరుకున్న మోకాలు. ఎప్పుడో మానిపోయి తెల్లటి గీత మిగిలింది. ఇప్పుడు ఆ గీత లేదు. గీత ఉన్న చోట కొత్త గాయం ఉంది, పడవ అంచు నిన్నే తగిలినట్టు. భుజం మీద చిన్నప్పటి టీకా మచ్చా అంతే, తడిగా తెరుచుకుని ఉంది.

"ఎప్పుడు పడ్డావే?" అంది పరుగున వచ్చిన సన్యాసమ్మ.

"పడనేదమ్మా. దానంతటదే ఇడిపోనాది. సెప్తే మందు ఆపేస్తారని సెప్పనేదు" అని నూకరత్నం తల దించుకుంది. తర్వాత ఓణీ పక్కకి తీసి కడుపు చూపించింది. పదకొండేళ్ళప్పుడు పేగు పగిలి పెద్దాసుపత్రిలో కోసి కుట్టిన మచ్చ, జానెడు పొడుగు. అది ఇంకా విడిపోలేదు. కానీ పొడుగునా ఎర్రబడి, ఉల్లిపొరంత పలచనై మెరుస్తోంది.

పైడిరాజుకు ఆ తర్వాత కొండ ఎలా ఎక్కాడో గుర్తు లేదు. ఎలుకల గది తాళం తీసి చెవుల పుస్తకం తెరిచాడు. 'గాయాలు' అన్న గడిలో తన చేతిరాతే: కొట్టుకున్నాయి, కొట్టుకున్నాయి, కొట్టుకున్నాయి. మగ ఎలుకలు కరుచుకోవడం మామూలే. గాయం కనపడగానే అలా రాసి, దెబ్బ తగిలినదాన్ని వేరే బోనులో ఒంటరిగా పెట్టేవాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు. 'గ' ముప్పై ఒకటి అలా ఒంటరిగా ఉండబట్టి మూడు నెలలు. మొన్న కూడా దాని ఎదురుగా 'కొట్టుకున్నాయి' అనే రాశాడు. ఒంటరిగా ఉన్న ఎలుక ఎవరితో కొట్టుకుంటుంది?

బోను దగ్గరికి వెళ్ళాడు. ఆ ఎలుకకు పరీక్ష కోసం పక్కటెముకల కింద కండ ముక్క తీసి కుట్టి ఎనిమిది నెలలైంది, జల్లెడ వేయకముందు. కుట్టు చక్కగా అతికిందని అతనే రాసుకున్నాడు. ఇప్పుడు ఆ కుట్టు బారునా విడిపోయి ఉంది. లోపల పేగు కనపడుతోంది. అయినా ఆ ఎలుక చక్రం మీద పరుగెత్తుతూనే ఉంది. ఒంట్లో ఉన్న శక్తంతా కాళ్ళలోకొచ్చి, పక్క తెరుచుకున్న సంగతే తెలియనట్టు, రంపపుపొట్టు మీద చుక్కలు రాలుస్తూ పరుగెత్తుతోంది. పైడిరాజు బోను తలుపు తీసి చేయి లోపల పెట్టాడు. తర్వాత వకుళకు ఫోన్ చేశాడు.

గంటలో వకుళ వచ్చింది. బోను చూసింది. పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. ఖాళీ గడి, ఖాళీ గడి, ఖాళీ గడి.

"ఏడు నెలలు... ఇది నాకెందుకు చెప్పలేదు పైడిరాజుగారూ?"

"సెప్పేనమ్మా. సెప్తే ఇద్దరం నవ్వుకున్నాం."

వకుళ ఫోన్ తీసి, మర్నాడు సూది వేయించుకోవలసిన మిగతా ముగ్గురినీ రావద్దని చెప్పింది.

నూకరత్నాన్ని ఆ పూటే ఆసుపత్రిలో చేర్చారు. కదలకూడదు, గట్టిగా దగ్గకూడదు, నవ్వకూడదు. వకుళ రెండు రోజులు తెర ముందు నుంచి లేవలేదు. పదేళ్ళుగా పక్కకు నెట్టిన ఆ బోసి సంచుల్లో ఏం తయారవుతోందో మొదటిసారి కొలిచి చూసింది. మంగళవారం మధ్యాహ్నం వార్డుకొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"అవి సోమరులు కావు" అంది. "ఒంట్లో చర్మాన్నీ కండనీ కుట్టి ఉంచే దారం ఒకటుంటుంది. ఆ దారానికి ముడిసరుకు తీసేది అవే. ఒకే ఇంట్లో కొందరు వంట చేస్తుంటే కొందరు నూలు వడుకుతున్నారు. పొయ్యి దగ్గర లేరు కదా అని వాళ్ళను నేను గెంటేశాను. నా కళ్ళకు పొయ్యి తప్ప మరోటి కనపడలేదు."

"కొత్త దెబ్బ మాననేదంటే అర్థముంది. పాతవి ఎందుకు ఇడిపోతన్నాయమ్మా?" అని పైడిరాజు అడిగాడు.

వకుళ నోరు తెరిచేలోగా సన్యాసమ్మ అందుకుంది. "నువ్వు వల ముట్టుకుంటే కదా నీకు తెల్సేది! ఏసినా ఏయకపోయినా దారం పాసిపోతాదయ్యా. రోజూ అల్లుతుండాల. అల్లడం ఆపేస్తే ముందు ఇడేది ఎప్పుడో ఏసిన ముడే."

"సరిగ్గా అంతే" అంది వకుళ ఆశ్చర్యంగా. "మచ్చ అంటే అయిపోయిన పని కాదు. ఒళ్ళు దాన్ని రోజూ కుడుతూనే ఉంటుంది."

దారి ఒకటే ఉంది. జల్లెడను ఆపే మందు వేసి, పోయిన సంచుల విత్తనం అయినవాళ్ళ కణాల్లోంచి తెచ్చి మళ్ళీ వేయాలి. పైడిరాజు చొక్కా చేయి పైకి మడిచాడు. "నాది తీసుకోండమ్మా. ఎంత కావాలంటే అంత."

"మీది పనికిరాదు పైడిరాజుగారూ. ఇవి తల్లి నుంచే బిడ్డకు వస్తాయి. ఆ కణాలు పట్టేది సన్యాసమ్మగారివే." ఆవిడ ఆగింది. మిగతాది చెప్పడానికి నేల వైపు చూసింది. "కానీ నూకరత్నం జబ్బూ ఆ దారినే వచ్చింది. సన్యాసమ్మగారిలో కొద్దిగా ఉంది, బయటపడలేదు. మంచివాటితో పాటు అదీ తిరిగొస్తుంది. గాయాలు మానతాయి. బలం పోతుంది."

"ఎంత పోతాది?" అంది నూకరత్నం.

"ఇదివరకు ఎలా ఉన్నావో అలా అయిపోతావమ్మా."

నూకరత్నం ముగ్గురి ముఖాలూ చూసింది. పూర్తిగా తెరిచిన కళ్ళతో చూసింది. "నాను ఒప్పుకోను."

సన్యాసమ్మ గొల్లుమంది. పైడిరాజు నిర్ఘాంతపోయాడు. చావు దాకా వచ్చిన కూతురు బతకనంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"ఎనిమిదేళ్ళు ఆ మంచం మీదున్నాను. రెప్ప ఎత్తడానికి మనిషి కావాల్సొచ్చేది" అంది ఆ పిల్ల. "ఈ తొమ్మిది వారాలే నాను బతికింది. తాడు లాగేనమ్మా నాను! నా సేతుల్తో లాగేను. మళ్ళీ ఆ మంచం ఎక్కమంటే ఎక్కను. ఇడిపోతే ఇడిపోనీ."

సంతకం ఆ పిల్లే పెట్టాలి, ఎవరూ బలవంతం చేయలేరు. వకుళ, సన్యాసమ్మ బయటికి వెళ్ళారు. పైడిరాజు స్టూలు మీద కూర్చున్నాడు. అతనికి నచ్చజెప్పడం రాదు. తెలిసింది ఎలుకల సంగతొక్కటే. అదే చెప్పాడు. ముప్పై ఒకటో నంబరు గురించి, పక్క విడిపోయిన కుట్టు గురించి, చుక్కలు పడ్డ రంపపుపొట్టు గురించి.

"పరిగెడతానే ఉందా?" అంది నూకరత్నం మెల్లగా.

"పరిగెడతానే ఉంది. నాను సేత్తో పట్టుకుని సక్రం మీంచి దించేను. దించితే నా సేతిలో కూడా కాళ్ళాడిస్తానే ఉంది."

"ఆగనేదా?"

"నేదమ్మా. పేణం పోయేదాకా ఆగనేదు. బలం ఎక్కువైపోయి, ఆగాలని దానికి తెలీనేదు." అతను అరచేయి తెరిచి చూపించాడు. "అది నా సేతిలో పోనాది. నాను కత్తిరించిన సెవే దానిది. బంగారమని నవ్వుకున్న సెవి. మళ్ళీ నా సేతిలో నిన్ను..."

ఇక చెప్పలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నూకరత్నం చేయి చాచి తండ్రి తల మీద పెట్టింది. ఆ చేతిలో ఇంకా బలముంది. ఆ పట్టు అతనికి తెలిసింది, ఎన్ని రోజులుంటుందో కూడా తెలిసింది. నూకరత్నం కిటికీ అవతల సముద్రం వైపు చూసి, "కాగితం తెమ్మను" అంది.

తల్లి కణాలు సిద్ధమయ్యేలోపు కడుపు మచ్చ రెండంగుళాలు విడిపోయింది. వైద్యులు వలలాంటి గుడ్డ వేసి పట్టి ఉంచారు. నాలుగు రోజులు ఎవరికీ తిండి సయించలేదు. అయిదో రోజున కొత్తగా విడిపోవడం ఆగింది. పదో రోజున అంచులు దగ్గరికి రావడం మొదలైంది. ఆ రోజు సాయంత్రమే నూకరత్నం చేతిలోంచి దువ్వెన జారిపోయింది. సన్యాసమ్మ దువ్వెన తీసుకుని జడ వేసింది.

పరిశోధనాలయంలో ఇప్పుడు ఒక మార్పు వచ్చింది. వకుళ ప్రతి పొద్దునా వచ్చీరాగానే ఎలుకల గదికి వెళ్ళి ముందు చెవుల పుస్తకం తెరుస్తుంది. చివరి గడి నుంచి వెనక్కి చదువుతుంది. పైడిరాజు పక్కనే నిలబడతాడు. ఇద్దరూ నవ్వుకోరు.

ఏడు వారాల తర్వాత ఒక ఆదివారం, అదే గడప. నూకరత్నం దిండ్లకు ఆనుకుని కూర్చుంది. రెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి. బావిలీలు డబ్బాలో, డబ్బా దేవుడి గూట్లో ఉన్నాయి.

"నాన్నా, అద్దం తే. సెవి సూసుకుంటాను."

పైడిరాజు అద్దం తెచ్చి పట్టుకున్నాడు. తల వెనక్కి వాల్చినా ఆ పిల్లకు కనపడలేదు. అప్పుడు అతను రెండు వేళ్ళతో, ఎలుక చెవి పట్టుకునే అలవాటైన ఆ రెండు వేళ్ళతోనే, కూతురి రెప్ప మెల్లగా పైకెత్తాడు. నూకరత్నం అద్దంలోకి చూసింది. చెవి పైభాగాన కన్నం లేదు. నున్నగా పూడుకుపోయింది, వేలితో తడిమితే చిన్న గింజలా తగులుతోంది, అంతే.

"పూడుకుపోనాది" అంది ఆ పిల్ల. "అమ్మ మొక్కు పోనాది కదా. మళ్ళీ కుట్టిస్తావా?"

పైడిరాజు ఆ చెవి వంక చూశాడు. ఇరవై రెండేళ్ళలో మానిపోయిన ఏ గంటునూ అతను ఇంత ఆశగా చూడలేదు.

"కుట్టిస్తానమ్మా" అన్నాడు. "ఎన్నిసార్లు మానిపోతే అన్నిసార్లు మళ్ళీ కుట్టిస్తాను."